పాత కొయ్యపడవను బాగుచేయింపవచ్చునా, విడిచివేయవలెనా?

(యానాములో మా సంఘ సభ్యుల సమావేశమున చదువబడిన ఉపన్యాసము)



ఈ వేదికమీద సాధారణముగా వినబడు విషయములు వేరు. మన బిడ్డల చదువు, కార్యాలయములలో మన భాషకు స్థానము, మన గ్రంథాలయమునకు కావలసిన పుస్తకములు, ఇట్టివి. నేడు మేము ఎన్నుకొన్న విషయము రేవునకు సంబంధించినది. పాతబడిన కొయ్య మరపడవను బాగుచేయించుకొనుట లాభమా, లేక విప్పి కట్టెలక్రింద అమ్ముకొనుట లాభమా అనునది ప్రశ్న. సముద్రముతో సంబంధములేని సభ్యులు కూడ కొంచెము ఓపికతో వినవలెనని కోరుచున్నాము. మన సభ్యకుటుంబములలో పెక్కింటికి ఇల్లు, పొలము, నగలు అన్నియు ఆ పడవయే.

ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములపాటు, తూర్పుతీరమంతట మరపడవలతో చేపలవేట నిషేధింపబడుచున్నది. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని ఈ నియమము. ఆ రెండు నెలలలోనే పడవలు ఒడ్డెక్కును. ఆ రెండు నెలలలోనే ఈ తగవు ఇంటింట పుట్టును. అప్పుడు సలహా చెప్పువారికి కొదువ లేదు. "తండ్రి చేయించిన పడవను అమ్ముకొందురా?" అని ఒకరందురు. "కుళ్ళిన కొయ్యలో డబ్బు పోయుదురా? ఫైబరు బోటు కొనుక్కొనుడు" అని వేరొకరందురు. ఈ ఇరువురును పడవ అడుగుభాగమును వంగి చూచినవారు కారు. చూడవలసినదేమో, ఎట్లు చూడవలెనో చెప్పుటయే మా ఉద్దేశము.

మన పెద్దల కాలమున ఈ ప్రశ్న ఇంత కఠినముగా ఉండెడిది కాదు. తెప్పను తీసుకొనుడు. అది కొన్ని దుంగల కట్ట మాత్రమే. ఒడ్డునకు రాగానే త్రాళ్ళు విప్పి దుంగలను ఎండబెట్టుదురు. ఒక దుంగ పాడైనచో దానిని తీసి మరియొకటి కట్టుదురు. మసూలా పడవ అని పేరుపొందిన కుట్టుపడవ కూడ అట్టిదే. దానికి లోపల వంపుకొయ్యలు లేవు, ఇనుపచీలలు లేవు. పలకలను కొబ్బరిపీచు త్రాటితో ఒకదానితో నొకటి కుట్టి, కెరటము కొట్టినపుడు వంగి ఊగునట్లు చేయుదురు. త్రాడు నశించుటకు ముందే కుట్టు విప్పి, చెడిన పలకను మార్చి, మరల కుట్టుదురు. అనగా ఆ పడవలను వాడుటలోనే బాగుచేయుట ఇమిడియున్నది. వాటి రోగము దాగదు. ఒడిస్సా తీరమున పూరీ, గోపాలపురములలో స్థిరపడిన మన మత్స్యకార కుటుంబముల పెద్దలకు ఈ సంగతి మాకన్న బాగుగ తెలియును.

చీలలు కొట్టి, సందులు కూరి, రంగువేసి బిగించిన పడవ అట్లు కాదు. దాని రోగము లోపల పెరుగును. పైకి నిగనిగలాడుచునే అది చచ్చుచుండవచ్చును. మరయంత్రము వచ్చిన తరువాత ఆ అదురు కూడ తోడై, చీలలను రేయింబవళ్ళు కదిలించుచుండును.

మన యానామునకు ఈ పని క్రొత్తది కాదు. గౌతమీ గోదావరినుండి కోరంగి పాయ విడివడు చోట మన ఊరున్నది. ఆ పాయ వెంబడి పోయినచో తాళ్ళరేవు, కోరంగి వచ్చును. 19వ శతాబ్ది ఆరంభమున ఓడలను కట్టుటకు, బాగుచేయుటకు కోరంగి పేరెన్నికగన్న రేవు. 1839 నవంబరులో వచ్చిన తుపాను, ఉప్పెన ఆ వైభవమును కడిగివేసినవి. బర్మాలో తెలుగువారిని కొరంగీలని పిలిచెడివారనిన, ఆ రేవు పేరు ఎంతదూరము పోయినదో తెలియుచున్నది. పేరు మిగిలినది, ఓడలు మిగులలేదు. కాని బాడిస పట్టిన చేతులు మాత్రము తాళ్ళరేవు ప్రాంతమున నేటికిని కొన్ని ఉన్నవి. మేము ఇప్పుడు చెప్పబోవు దానికి ఆ చేతులే ఆధారము.

మా యొద్దకు సలహాకై వచ్చిన కుటుంబము సంగతి కొంత చెప్పుదుము. వారి అనుమతితోనే చెప్పుచున్నాము, పేర్లు అనవసరము. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపానులో ఆ ఇంటి పెద్దకు ఉన్న పడవ పోయినది. మరుసటి సంవత్సరము అప్పుచేసి ఆయన 32 అడుగుల మరపడవ నొకదానిని కట్టించెను. టేకు పలకలు, తుమ్మ వంపుకొయ్యలు, మద్దికొయ్యతో అడుగుదూలము. ఆ అప్పు తీరుటకు తొమ్మిదేండ్లు పట్టెను. ఆయన గతించిన తరువాత పడవ రెండేండ్లు పాయ ఒడ్డున బురదలో పడియుండెను. పెద్దకుమారుడు దానిని బాగుచేయించి తాను నడుపవలెననును. చిన్నవాడు పట్టణమున వేరు ఉద్యోగములో ఉన్నాడు. ఆ పడవమీద ఇంటిసొమ్ము పెట్టవలదని అతని వాదము. తల్లి ఎవరి పక్షమును వహింపలేదు. "నాన్నగారి చేతి పడవండి" అని పెద్దవాడనగా, "నాన్నగారు బ్రతికియుంటే ముందు లెక్క చూసుకునేవారండి" అని చిన్నవాడనెను. ఇరువురి మాటలోను నిజమున్నది గనుకనే వారు మా యొద్దకు వచ్చిరి. మేము తాళ్ళరేవు ప్రాంతపు వృద్ధ మేస్త్రీ నొకరిని వెంటబెట్టుకొని ఆ పడవను రెండు దినములు పరీక్షించితిమి.

మొట్టమొదట పడవను తాకకుండ చూడవలెను. ఇరువది అడుగుల దూరమున నిలువబడి, ముందు ముక్కునుండి వెనుక చుక్కాని వరకు పై అంచు గీత ఎట్లు సాగినదో చూడుడు. ఆ గీత మధ్యలో దిగి రెండు కొసలయందు లేచి, ఎక్కడను విరుపు లేక పోవలెను. ముసలి ఎద్దు వెన్నువలె మధ్యభాగము ఉబ్బి రెండు కొసలు జారిపోయినచో, అడుగుదూలము వంగినదని అర్థము. కన్ను మోసగించునేమో యని అనుమానమున్నచో, అడుగుదూలము క్రింద ఒక కొసనుండి మరియొక కొసకు నూలుత్రాడు బిగించి లాగి చూడవలెను. కొద్దిపాటి వంపు ముదుసలి పడవలన్నింటికిని ఉండును, భయములేదు. కాని వంపుతోపాటు పలకల జాయింట్లు తెరచుకొని, ముక్కుకొయ్య అడుగుదూలముతో కలియు చోట బీటలు కనిపించినచో, అక్కడితో పరీక్ష ఆపి ఇంటికి పోవచ్చును. అట్టి పడవను నిలబెట్టుటకంటె క్రొత్తది కట్టుట చౌక.

ఇక్కడ ఒక మాట. ఎండలో నిలిచిన పడవకు పలకల సందులు విడుట రోగము కాదు. కొయ్య ఎండి కుంచించుకొనును. నీట దించిన తరువాత ఒకటి రెండు దినములలో ఉబ్బి సందులు వాటంతట అవియే మూసికొనును. ఈ సందులను చూచి బెదరి పడవను చౌకగా అమ్ముకొన్నవారున్నారు. ఆ బెదురును చూచి కొన్నవారు లాభపడిరి. మరికొందరు దీనికి విరుద్ధముగా, ఎండిన సందులలో దూది పట్టినంత కూరి సుత్తితో దట్టించుదురు. నీట దిగిన తరువాత పలకలు ఉబ్బుటకు చోటులేక లోపలి వంపుకొయ్యలనే విరుగగొట్టును. ఒడ్డున చేసిన అతిశ్రద్ధ పడవకు ప్రాణాపాయమగుట మేము కన్నులార చూచినదే.

అసలు రోగములు మూడు. కుళ్ళు, పురుగు, త్రుప్పు.

కుళ్ళు అనగా బూజుజాతి జీవి కొయ్యను తినుట. దానికి తేమయు గాలియు రెండును కావలెను. కొయ్యలో తేమ నూటికి ఇరువది పాళ్ళకు లోబడియున్నచో అది పెరుగలేదు. పూర్తిగా నీట మునిగిన కొయ్యలో గాలి చాలక పెరుగలేదు. ఉప్పునీరు దానికి గిట్టదు. దాని ఇష్టమంతయు వాననీరు. కావుననే సముద్రపు నీటిలో నిత్యము తిరుగు పడవ అడుగుభాగము చెక్కుచెదరకుండ, వాననీరు నిలుచు డెక్కు అంచులు, ముక్కుకొయ్య పైకొస, డెక్కు క్రింది దూలముల కొసలు ముందుగా కుళ్ళును. పూర్వము కొన్ని దేశములలో ఓడల వంపుకొయ్యల నడుమ ఉప్పును దట్టించెడివారనగా, వారు ఈ రహస్యమెరిగినవారే.

మన మరపడవలలో దీనికి మించిన చోటొకటి కలదు. అది ఐసుగది. ఐసు కరగిన నీరు మంచినీరే కదా! చేపల జిగురుతో కలిసి అది గది పలకల వెనుకకు దిగి, గాలి తగిలియు తగులని చీకటిలో వంపుకొయ్యల పాదములయొద్ద నిలుచును. పడవంతయు గట్టిగనున్నను ఐసుగది క్రింద మాత్రము వంపుకొయ్య చేతికి పిండివలె రాలుట మేము చూచితిమి. పాతపడవను కొనువారు గాని బాగుచేయించువారు గాని మొదట ఐసుగది లోపలి పలకలను విప్పించి చూడవలెను. యజమాని దానికి ఒప్పుకొనకపోయినచో ఆ ఒప్పుకొనకపోవుటయే సమాధానము.

పరీక్షకు కావలసిన పనిముట్లు రెండే. చిన్న సుత్తి, సన్నని ఆరె. సుత్తితో మెల్లగా కొట్టుచు పోయినచో మంచి కొయ్య ఖణీమని పలుకును, చెడినది బొద్దుగ మ్రోగును. చెవికి అనుమానము తగిలిన చోట ఆరెతో పొడువవలెను. గట్టికొయ్యలో ఆరె కొస మాత్రము దిగి ఆగును, లాగినపుడు నార నార లేచును. కుళ్ళినదానిలో వెన్నలోవలె దిగును, లాగినపుడు పొడి రాలును లేదా ముక్క పుటుక్కున విరుగును. కొత్తగా రంగు వేయబడిన పడవను అనుమానముతో చూడుడు. మందమైన రంగుక్రింద ఏమున్నదో రంగు వేయించినవానికి తెలియును.

రెండవది పురుగు. దీనిని పురుగు అందుము గాని, నిజమునకు ఇది ఆల్చిప్పల జాతిలోని ప్రాణి. గుండుసూది తలంత రంధ్రముతో కొయ్యలో ప్రవేశించి, లోపల పెరుగుచు, నార వెంబడి జానెడు పొడవున, అంతకు మించియు తొలుచుకొని పోవును. పైకి కనిపించునది ఆ సూదిపోటు మాత్రమే. పలక పైన నునుపుగ నుండి లోపల తేనెతుట్టె యగును. ఇది ఉప్పునీటి ప్రాణి, మంచినీరు దానికి విషము. ఇందులో గోదావరి మనకు చేయుచున్న మేలు చాలమంది గమనింపరు. జూలై మొదలు వరదనీరు దిగి పాయలో ఉప్పు విరిగినపుడు, ఆ నీటిలో కొన్ని వారములపాటు నిలిచిన పడవలలోని పురుగు చచ్చును. ఒక వారముతో చాలదు. అది తన రంధ్రమును లోపలినుండి మూసికొని చాలదినములు బిగబట్టుకొని ఉండగలదు. పడవను ఒడ్డెక్కించి బాగుగ ఎండబెట్టుట రెండవ ఉపాయము. సముద్రమునందే సంవత్సరమంతయు కట్టివేయబడు పడవలకు మన పడవలకున్న ఈ అదృష్టము లేదు. అయినను వేసవిలో పాయనీరు ఉప్పెక్కును. ఆ కాలమున నీటిలో కదలక పడియున్న పడవకు ప్రమాదము తప్పదు.

మూడవది త్రుప్పు. దీనిని గురించి మన రేవులో తక్కువగా మాటలాడుదురు, మా యభిప్రాయమున ఇదియే అన్నింటికంటె ప్రమాదకరము. ఇనుపచీల ఉప్పునీటిలో త్రుప్పుపట్టినపుడు తాను సన్నబడుటయే కాక, తన చుట్టునున్న కొయ్యను కూడ నల్లబరచి మెత్తబరచును. చివరకు ఆ చీల వదులైన పన్నువలె కన్నములో కదలును. పలక గట్టిగనుండును, వంపుకొయ్య గట్టిగనుండును, రెంటిని కలుపు దారమే తెగియుండును. అట్టి పడవ రేవులో తేలును, పాయలో తిరుగును. సముద్రపు పోటులో మాత్రము ఒక పలక కొస ఊడివచ్చును. అప్పుడు నీరు తోడుటకు వ్యవధి ఉండదు. కనుక పరీక్షలో నాలుగైదు చోట్ల, ముఖ్యముగా అడుగుదూలము ప్రక్కన, చీలలను ఊడదీయించి చూచుట అవసరము. ఇనుపచీలల నడుమ అక్కడక్కడ రాగిచీలలు కొట్టించినవారి పడవలలో ఇనుము మరింత త్వరగ తినివేయబడును. ఉప్పునీటిలో రాగి, ఇనుము ఇరుగుపొరుగు కారాదు.

పలకలు చర్మమువంటివి, అడుగుదూలము, ముక్కుకొయ్య, వంపుకొయ్యలు ఎముకలవంటివి. చర్మము చెడినచో మార్చవచ్చును. ఎముకలలో కొన్ని చెడినను మార్చవచ్చును. వెన్నెముకయే చెడినచో, దానికి అంటుకొనియున్న ప్రతి ముక్కను విప్పవలసి వచ్చును. అప్పుడు మిగులునది పాతపడవ పేరు మాత్రమే. ఇంతకు పైనుండి చూచినదంతయు అంచనాయే. అడుగుదూలమును ఆనుకొనియున్న మొదటి పలకను ఒక ప్రక్కన విప్పినగాని నిజము తెలియదు. అందుకగు ఖర్చు ఇద్దరు పనివాండ్ర రెండు దినముల కూలి. పెద్దసొమ్ము పోయుటకు ముందు ఈ చిన్నసొమ్ము పెట్టుడని మేము ఆ కుటుంబమునకు చెప్పితిమి. అన్నదమ్ములిరువురును ఏకముగా ఒప్పుకొన్న మొదటి మాట ఇదియే.

పలక విప్పగా కనిపించినది ఇది. అడుగుదూలము గట్టిగనుండెను. మేస్త్రీగారు ఆరెతో మూరకొకచోట పొడిచి చూచి, ఏమియు అనక, తల మాత్రము ఊపిరి. ఆ తల ఊపుటలో మాకు ప్రాణము లేచివచ్చినది. వంపుకొయ్యలు 26 జతలలో ఏడింటి పాదములు చెడినవి, ఆరు ఐసుగది క్రిందను, ఒకటి యంత్రము వెనుకను. బురదలో ఆనియున్న ఎడమప్రక్క అడుగు పలకలు రెండు పురుగుతిన్నవి. ముక్కుకొయ్య పైకొసయందు జానెడు మేర కుళ్ళు. చీలల సంగతియే కష్టమైనది. ఊడదీసిన అయిదింటిలో మూడు సగము మందమునకు తగ్గియుండెను.

ఇక లెక్క. క్రొత్త కొయ్యపడవకు, మంచి ఫైబరు పడవకు, ఈ పడవ మరమ్మతునకు ఎంతెంత అగునో మూడు అంచనాలు వేరువేరుగ వ్రాయించితిమి. మరమ్మతు అంచనాకు మరి సగము కలిపితిమి. పాతకొయ్యను విప్పినకొలది క్రొత్త రోగము బయటపడుట నియమము, అపవాదము కాదు. అట్లు కలిపిన తరువాత కూడ మరమ్మతు ఖర్చు క్రొత్త కొయ్యపడవ ఖర్చులో సగమునకు కొంచెము తక్కువయే వచ్చినది. సగము దాటినచో ఒద్దనియే చెప్పియుందుము. యంత్రమును ఈ లెక్కలో చేర్చలేదు. యంత్రమును ఏ పడవలోనైనను అమర్చుకొనవచ్చును గనుక అది పడవ విలువ కాదు. పడవతోడి నమోదు పత్రము, లైసెన్సు మాత్రము లెక్కలో చేరును. పడవ విప్పివేసిన తరువాత వాటి గతి ఏమగునో మత్స్యశాఖవారిని ముందుగనే అడిగి తెలిసికొనవలెను. విప్పిన తరువాత అడిగి ప్రయోజనము లేదు.

ఫైబరు పడవ నిందకు మేము వచ్చినవారము కాము. 1979లో ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యమున మద్రాసు కేంద్రముగా మొదలైన బంగాళాఖాత పథకమువారు, ఇసుకతీరమున నేరుగ దిగు ఫైబరు పడవలను మన తీరములకు తెచ్చిరి. 2004 డిసెంబరు 26 సునామీ తరువాత అవి వేలకొలది వచ్చినవి. అవి తేలిక, పురుగు ముట్టదు, కుళ్ళు లేదు, ముగ్గురు నలుగురు నడుపవచ్చును. చిన్నవాడు ఈ మాటలే అన్నప్పుడు మేము కాదనలేదు. కాని పెద్దవానికి కావలసినది ఐసు వేసికొని నాలుగైదు దినములు బయట నిలుచు పడవ. తేలిక పడవ ఆ పనికి రాదు, ఆ పనికి తగిన పెద్ద ఫైబరు పడవ వెల వారి శక్తికి మించినది. పడవ మంచిదా చెడ్డదా అని విడిగా తూచుట తప్పు. ఏ వేటకు, ఎవరి చేతిలో అని చూడవలెను.

పాతకొయ్యమీద ఫైబరు పూత వేయించి చౌకగా ముగింపుమని ఒకరు సలహా చెప్పిరి. దీనిని మేము గట్టిగ వారించితిమి. లోపలి తేమను ఆ పూత లోపలనే బంధించును. కొయ్య ఉబ్బి కుంచించునపుడు పూత పొర లేచును. లోపల కుళ్ళు కంటికి కనబడకుండ పెరుగును. రెండు మూడేండ్లు పడవ క్రొత్తదివలె కనిపించి, తరువాత ఒక్కసారిగ కూలును. అమ్మదలచినవానికి అది లాభము కావచ్చును, దానిలో కూర్చుండువానికి కాదు.

మేము చెప్పిన తీర్పు ఇది. పడవ బాగుచేయదగినదే, కాని ఒక నిబంధనమీద. నీటిగీతకు క్రింద చీలలన్నియు తీసి, క్రొత్త జింకుపూత చీలలు వేరు కన్నములలో వేయవలెను. ఏడు వంపుకొయ్యలు, రెండు పలకలు మార్చి, పాతచీలలను అట్లే ఉంచి నీట దించుట కూడదు. అర్ధభాగము పనికి సొమ్ము ఉన్నచో అర్ధభాగము పని చేయవలదు, అసలే మొదలుపెట్టవలదు. ఆ పడవమీద పోవునది ఒక్క యజమాని కాదు, అయిదుగురు కూలివాండ్రు కూడ పోవుదురు. 1996లో ఈ తీరమున ఎన్ని ఇండ్లు తండ్రులను పోగొట్టుకొన్నవో ఇక్కడ కూర్చున్నవారికి మేము చెప్పనక్కరలేదు.

ఆ కుటుంబము చేతిలో అప్పటికి ఉన్నది సగము సొమ్మే. పెద్దవాని ముఖము వాడినది. అప్పుడు తల్లి మొదటిసారి మాటలాడెను. "ఒక ఏడాది ఆగండి నాయనా. ఇంతకాలం ఆగింది, ఇంకో ఏడాది ఆగదా?" అనెను. మేము చెప్పదలచినదియు అదే. కాని ఊరక ఆగుట వేరు, కాపాడుచు ఆగుట వేరు. పడవను బురదనుండి ఎత్తి అడుగుదూలము నిడివినంతటను దిమ్మలమీద నిలబెట్టించితిమి. రెండు కొసలకు మాత్రమే ఆనించినచో నడుము విరుగును. పైన తాటాకు కప్పు వేయించితిమి, వాననీరు తగులరాదు, గాలి ఆడవలెను. ఐసుగది పలకలు తీసివేసి లోపల గాలి పారునట్లు చేసితిమి. వారమున కొకసారి ఉప్పునీరు చల్లించితిమి. పెద్దవాడు ఆ సంవత్సరము మరియొకరి పడవపై సరంగుగ పనిచేసి సొమ్ము కూడబెట్టెను. చిన్నవాడు తన పాలు వేయనని చెప్పి, నిషేధకాలమున సెలవుపెట్టి వచ్చి అన్నతోపాటు రంగు గీకెను. దీనికి అర్థమేమని మేము అతనిని అడుగలేదు.

ఈ వేసవిలో పని మొదలైనది. మేస్త్రీగారి క్రమము మాకు నచ్చినది గనుక చెప్పుదుము. పడవ ఆకారము జారిపోకుండ మొదట లోపల అడ్డుకొయ్యలు బిగించిరి. ఒకేసారి అన్ని పలకలు విప్పరాదు, రెండు విప్పి, చెడిన వంపుకొయ్య మార్చి, మరల బిగించి ముందుకు పోవలెను. పూర్తిగ చెడిన వంపుకొయ్యను తీసివేసిరి. పాదము మాత్రమే చెడినదాని ప్రక్కన, చెడిన మేరకు ఇరుప్రక్కల బాగుగ మించునట్లు క్రొత్తదానిని తోడుగ బిగించిరి. పలకను అతుకవలసిన చోట మందమునకు ఎనిమిదింతల పొడవున ఏటవాలుగ కోసి అతికిరి. ప్రక్క ప్రక్క పలకల అతుకులు ఒకేచోట పడకుండ చూచిరి. సందులలో నూనె, గుగ్గిలము పట్టించిన దూది కూరుట చివరి పని. మేస్త్రీగారి యొద్ద కాగితము లేదు, గీత లేదు. అన్నియు కంటితోనే. ఆయన వెంట పనినేర్చుకొనువాడు ఒక్కడే, వాడును సంవత్సరమున ఆరునెలలు ఇండ్లకు తలుపులు చేయుచున్నాడు.

ఈ పడవకు ఒప్పుకొన్నంత మాత్రమున ప్రతి పడవకును ఒప్పుకొందుమని కాదు. అదే నెలలో మేము చూచిన మరి రెండింటిని విప్పివేయుడనియే చెప్పితిమి. ఒకదానికి అడుగుదూలము పురుగుతిన్నది, మరియొకదానికి నడుము వంగినది. అట్టివాటిని విప్పుటకు ముందు ఒక్క పని చేయవలెనని మా మనవి. ప్రతి వంపుకొయ్య యొద్దను పడవ వెడల్పు, లోతు కొలిచి వ్రాసికొనుడు. అట్టముక్కలు కోసి వంపుల అచ్చు తీసికొనుడు. ఏ భాగమును మేస్త్రీలు ఏ పేరుతో పిలుతురో ఆ పేరునే ప్రక్కన వ్రాయుడు. ఒక పూట పని అది. కొయ్య కట్టెలక్రింద పోయినను ఆ పడవ రూపము, దానితోడి తెలుగుమాటలు మన సంఘపు బీరువాలో ఉండును.

మరమ్మతులో ఉన్న ఆ పడవ విషయమున ఒక కొరత మిగిలియున్నది. ఏడింటిలో అయిదు వంపుకొయ్యలు అమర్చబడినవి. తక్కిన రెంటికి సహజముగా వంగిన తుమ్మకొయ్య కావలెను. తిన్నని కొయ్యను కోసి వంపు తెచ్చినచో నార తెగి బలముండదు. మొదలు ఏడంగుళముల మందము, అయిదడుగుల నిడివి, మోచేయి కొంచెము వంచినట్లుండు కొమ్మ. సభ్యులలో ఎవరి పొలముగట్టునైనను అట్టి చెట్టున్నచో సంఘ కార్యాలయమున తెలుపగోరుచున్నాము. తగిన వెల ఇచ్చి కొందురు. మేస్త్రీగారు స్వయముగ వచ్చి చెట్టుమీదనే కొమ్మను చూచి గుర్తుపెట్టుదురు.